వాళ్లకు నాలుగు రోజులు, మనకు పద్దెనిమిదేళ్లు

"పిల్ల మంచిదే గని, జర నల్లగుంది." పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు గడప దాటాక అనే ఈ మాట వినని ఇల్లు నిజామాబాద్‌లో ఎన్ని ఉన్నాయి? ఆ "జర" ఖరీదు ఎంతో తర్వాత కట్నం మాట్లాడేటప్పుడు తేలుతుంది. ఈ మాటను కంపెనీలు పుట్టించలేదు. మన అత్తలూ అమ్మలూ ఎప్పటినుంచో అంటున్నదే. కానీ దాన్ని పొట్లం కట్టి మనకే అమ్మింది మాత్రం కంపెనీలే.

హిందుస్థాన్ లీవర్ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీని మార్కెట్లోకి తెచ్చింది. టీవీ వచ్చాక దాని ప్రకటన ప్రతి ఇంట్లో దూరింది. బోధన్ కిరాణా దుకాణాల్లో షాంపూ పొట్లాల పక్కన ఈ క్రీము పొట్లాలూ వేలాడాయి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్లో మూతపడింది గాని, ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఏనాడూ దిగలేదు. తునికాకు కత్తిరించి కాయలు కాచిన వేళ్లతో సంపాదించిన చిల్లరలోంచి, కూతురి పెళ్లి కుదరాలని ఒక పొట్లం కొన్న తల్లిని ఎవరు తప్పుపడతారు? ఆమె భయాన్ని పెట్టుబడిగా చేసుకున్నవాడిని కదా అడగాల్సింది!

అడిగారు కూడా. ఒక ప్రకటనలో తండ్రి తనకు కొడుకుంటే బాగుండేదని నిట్టూరుస్తాడు. అది విన్న కూతురు క్రీము రాసుకుని, తెల్లబడి, ఎయిర్‌హోస్టెస్ అయి తండ్రిని హోటల్‌కు తీసుకెళుతుంది. ఆడపిల్లగా పుట్టడం ఒక లోటు, నల్లగా పుట్టడం మరో లోటు అన్నమాట! 2002లో ఐద్వా కంపెనీకి అభ్యంతరం చెప్పింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. కేంద్ర సమాచార ప్రసార శాఖ కలగజేసుకున్నాక, 2003లో ఆ ప్రకటనలు ఆగాయి. వెంటనే, అదే ఏడాది మార్చిలో, కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ ఫౌండేషన్ అని ఒకటి పెట్టి ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు ప్రకటించింది. చదువుకు సాయం చేస్తే ఎవరు కాదంటారు? కానీ మనం అడిగింది గౌరవం, వాళ్లు ఇచ్చింది దానం. ఆ దానం మీద కూడా క్రీము పేరే!

ఇక రెండో రకం నిరసన చూడండి. 2020 అక్టోబర్ 9న తనిష్క్ నగల కంపెనీ ఒక ప్రకటన విడుదల చేసింది. ముస్లిం అత్తగారు హిందూ కోడలికి ఆమె పుట్టింటి ఆచారం ప్రకారం సీమంతం చేస్తుంది. అంతే, అందులో ఇంకేమీ లేదు. బోధన్ గల్లీల్లో పక్కపక్కన కూచుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒకరింటి శుభకార్యానికి ఒకరు వెళ్లడం వింత కాదు. అయినా "లవ్ జిహాద్" అంటూ బహిష్కరణ పిలుపులొచ్చాయి. 13వ తేదీకల్లా ప్రకటన మాయమైంది. మనోభావాలు గాయపడ్డాయట, దుకాణాల సిబ్బంది క్షేమం చూడాలట. కౌంటర్ వెనక నిలబడే అమ్మాయిల క్షేమాన్ని నేనూ కొట్టిపారేయను. కానీ బెదిరించినవాడి కోరిక తీర్చడం రక్షణ ఎలా అవుతుంది? ప్రకటనల ప్రమాణాల మండలి కూడా అందులో తప్పేమీ లేదనే చెప్పింది. తప్పు లేని ప్రకటనకు నాలుగు రోజులు!

మరుసటి ఏడాది డాబర్ వంతు. ఇద్దరు స్త్రీలు ఒకరి కోసం ఒకరు కర్వాచౌత్ చేసుకుంటున్నట్టు చూపిన ప్రకటన అది. మధ్యప్రదేశ్ హోంమంత్రి కేసు పెడతామనగానే కంపెనీ దాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది. ఇంతకీ ఆ ప్రకటన దేనికి? మొహానికి రాసుకునే ఫెమ్ బ్లీచుకు. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ వీళ్ల మనోభావాలను గాయపరిచింది గాని, ఆడవాళ్ల మొహాలకు బ్లీచు పూయడం మాత్రం ఎవరి మనోభావాలనూ తాకలేదు.

వెనక్కి తగ్గకపోతే కంపెనీ మునిగిపోతుందా? 2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ ప్రకటన మీదా ఇలాగే గోల జరిగింది. కోపంలో కొందరు కంప్యూటర్లో వాడే ఎక్సెల్‌ను కూడా తిట్టిపోశారు. హిందుస్థాన్ యూనిలీవర్ ఆ ప్రకటనను తీయలేదు, సబ్బుపొడి అమ్మకం ఆగలేదు. అంటే నిలబడటం చేతకాక కాదు.

ఆ కంపెనీయే 2020 జూన్‌లో క్రీము పేరులోంచి "ఫెయిర్" తీసేస్తామంది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతీయుల ఉద్యమం ప్రపంచమంతా అంటుకున్న రోజులవి. ఇలాంటి మాటలు ఒకే రకం అందాన్ని సూచిస్తాయని, అది సరికాదని యూనిలీవర్ ఒప్పుకుంది. మన మహిళా సంఘాలు 2002లో చెప్పిందీ అదే కదా! మన మాట వాళ్ల చెవికి ఎక్కడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది, అదీ అమెరికా మీదుగా. ఇప్పుడది గ్లో అండ్ లవ్లీ. నలుపును నేరుగా కించపరచకుండానే "మెరుపు" అమ్మవచ్చు.

చట్టం మాటేమిటి? 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అందులో నటించిన తారలనూ వదలనక్కర్లేదు. 2024 డిసెంబర్లో ఢిల్లీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తయారుచేసే ఇమామీకి 14.5 లక్షలు చెల్లించమని చెప్పింది. అది మగవాళ్ల క్రీము, ఫిర్యాదుదారూ మగవాడే. సంతోషమే. కానీ ఆ కేసులో ప్రశ్న, డబ్బు తీసుకుని తెల్లగా చేశారా లేదా అన్నది. నల్లగా ఉండటం లోపమని చెప్పడానికి మీరెవరు అన్నది మన ప్రశ్న.

"ఫిదా" సినిమాలో బాన్సువాడ భానుమతిని మన పక్క ఊరి పిల్లేనని సొంతం చేసుకున్నాం. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి 2 కోట్ల ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను వద్దన్నదని 2019లో పత్రికలు రాశాయి. ఇది మన రంగు అన్నది ఆమె వాదన. ఆమె ఒక్కతే వద్దనగలిగింది. బీడీల చాట ముందు కూచున్న తల్లికి ఆ వీలు లేదు, కూతురిని చూడటానికి వచ్చేవాళ్లు ఆదివారం వస్తున్నారు. ఆమె తరఫున మనం రాసే ఫిర్యాదుకు కంపెనీ నాలుగు రోజుల్లో జవాబిస్తుందా? తనిష్క్ విషయంలో అది సాధ్యమేనని తేలిపోయింది.