డిక్కీలో ఇటుక

మా నాన్న కారు డిక్కీలో స్టెప్నీ, జాకీతో పాటు ఒక ఇటుక కూడా ఉంటుంది. కాస్త వాలు కనిపిస్తే చాలు, దిగి వెనక చక్రం కింద ఆ ఇటుక పెడతారు. "హ్యాండ్ బ్రేక్ ఉంది కదా నాన్నా" అంటే, "దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు" అనేవారు. నేను నవ్వేవాణ్ని, మొన్న దసరా దాకా.

ఆ రోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద కారు ఆపాను, అమ్మను దించి బ్యాగులు తీద్దామని. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగాను. గేర్ మాత్రం న్యూట్రల్‌లో వదిలేశాను, అది నా తప్పే. బ్యాగు తీసుకుని పక్కకు జరిగానో లేదో, కారు మెల్లగా వెనక్కి కదిలింది. కింద గోడకు ఆనించి ఉన్న వాచ్‌మన్ కొడుకు సైకిల్‌ని నలిపేసి ఆగింది. వాడు అప్పుడే సైకిల్ అక్కడ పెట్టి, మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లాడట.

మర్నాడే కొత్త సైకిల్ కొనిచ్చాను. నిద్ర మాత్రం వారం దాకా సరిగ్గా పట్టలేదు.

అసలు విషయం ఏంటంటే, ఏడాదిలో మూడుసార్లు ఇదే కంప్లయింట్‌తో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ప్రతిసారీ ఐదు నిమిషాల్లో కేబుల్ బిగించి పంపేశాడు. కొన్నాళ్లు బాగానే పట్టేది, మళ్లీ మామూలే. కోడ్‌లో ఎర్రర్ వస్తే, కారణం వెతక్కుండా ట్రై-క్యాచ్‌లో పెట్టి మెసేజ్ కనబడకుండా చేస్తాం చూడండి, అచ్చం అలాంటి పనే. శుక్రవారం సాయంత్రాలు నేనూ చేశాను, కాబట్టి ఆయన్ను తిట్టే హక్కు నాకు లేదు.

మాది పదేళ్ల నాటి చిన్న కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేక్ తొక్కగానే బండి బరువంతా ముందుకు వస్తుంది, ఎక్కువ పని ముందు బ్రేకులే చేస్తాయి. అందుకే వెనక బ్రేకులు అరిగిపోయినా పెడల్ దగ్గర మనకు పెద్దగా తెలియదు. హ్యాండ్ బ్రేక్ మాత్రం కేబుల్‌తో వెనక షూలనే లాగుతుంది. అంటే వెనక బ్రేకుల సంగతి చెప్పే ఒకే ఒక్క సాక్షి అది. మేం మూడుసార్లు ఆ సాక్షి నోరు నొక్కేశాం.

ఈసారి నేనే చేద్దామనుకున్నా. రాణిగంజ్‌లో షూ సెట్, కొత్త స్ప్రింగులు కొన్నాను. కొలీగ్ దగ్గర జాకీ స్టాండ్లు అడిగి తెచ్చుకున్నాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి దగ్గర కూర్చోకండి, అది ఎత్తడానికే, మోయడానికి కాదు. డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేక్ వదలాలి. కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, గేర్‌లో వేశాను. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఇటుక పక్కనే పెట్టుకుని.

డ్రమ్ముకి ఉన్న రెండు చిన్న రంధ్రాల్లో బోల్టులు ఎక్కించి బిగిస్తే తప్ప అది బయటికి రాలేదు. లోపల లైనింగ్ కాగితంలా మిగిలింది. నల్లటి పొడిని ఊదబోతే నాన్న ఆపారు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అందుకే మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడిచాను. విప్పే ముందు ప్రతి స్ప్రింగుకీ ఫొటో తీశా. ఒకసారి ఒక్క వైపే విప్పండి, రెండోది మీ బ్యాకప్. ఏ స్ప్రింగు ఎటు తగిలించాలో మర్చిపోతే అటెళ్లి చూడొచ్చు. కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది.

కొత్త షూలు బిగించాక డ్రమ్ము ఎక్కలేదు. కొత్తవి మందంగా ఉంటాయి కదా అని, షూల మధ్య ఉండే అడ్జస్టర్‌ని పూర్తిగా లోపలికి తిప్పాను. అయినా ఎక్కదు. గంటసేపు చెమటలు పట్టాయి. అప్పుడు నాన్న, "కేబుల్ వదులు చేశావా?" అన్నారు.

చేయలేదు! మూడుసార్లు బిగించిన కేబుల్, హ్యాండ్ బ్రేక్ దించినా సరే షూలను విడదీసే ఉంచుతోంది. మా బండిలో ఆ లివర్ పూర్తిగా వెనక్కి రాకపోతే, అరుగుదలకు తగ్గట్టు దానంతటదే సర్దుకునే అడ్జస్టర్ కూడా పనిచేయదు. అంటే ఆ ఐదు నిమిషాల రిపేరే జబ్బును ఇంకా ముదిరేలా చేసింది. లివర్ దగ్గర నట్టు వదులు చేయగానే డ్రమ్ము టక్కున కూర్చుంది.

అందుకే వరుస గుర్తుపెట్టుకోండి. ముందు షూలు, తర్వాత అడ్జస్టర్, పెడల్ గట్టిపడేదాకా తొక్కడం, చివర్లో కేబుల్. మాన్యువల్‌లో చెప్పినన్ని క్లిక్కులకే పట్టాలి, వదిలినప్పుడు చక్రం ఫ్రీగా తిరగాలి. చేస్తే రెండు వైపులా మార్చాలి. లోపల ఎక్కడైనా ఫ్లూయిడ్ తడి కనిపిస్తే అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. వెనక కూడా డిస్కులో, బటన్‌తో నడిచే పార్కింగ్ బ్రేకో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, గ్యారేజీకే వెళ్లండి. సొంతంగా చేసినా, మొదటిసారి తెలిసిన మెకానిక్‌కి చూపించాకే రోడ్డెక్కండి. నేనూ చూపించాను.

చూపించి వచ్చాక అదే ర్యాంప్ మీద టెస్ట్. వెనక ఎవరూ లేరని నాన్న చూశారు. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, కాలు పెడల్ మీద సిద్ధంగా. మెల్లగా కాలు తీశాను. బండి అంగుళం కూడా కదల్లేదు.

అయినా దిగే ముందు గేర్‌లో వేశాను. ముందు వైపు ఎత్తుకి ఉంటే ఫస్ట్, పల్లానికి ఉంటే రివర్స్. ఇప్పుడది అలవాటైంది.

"ఇక ఇటుక తీసేయొచ్చు కదా నాన్నా" అన్నాను. ఆయన డిక్కీ తెరిచి, దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టి మూసేశారు. ఈసారి నేను నవ్వలేదు.