ఫోను పాఠము, చేని పాఠము



సేద్యగానికి చదువు బడితో ముగియదు. ప్రతి పంటకాలమును ఒక పాఠమే. ఈనాడు ఆ పాఠము చెప్పుటకు చేతిలోని ఫోను కూడ వచ్చినది. దానిని నమ్మనివారు కొందరు, దానితోనే సరిపెట్టుకొనువారు కొందరు. రెండును పొరపాటే.

ఆ రెండవ పొరపాటు నేనును చేసితిని. ఒక సార్వాలో ఒక రైతు పసుపు బారిన వరి ఆకులను ఫోటో తీసి పంపగా, ఆఫీసులో కూర్చుండియే నత్రజని లోపమని జవాబిచ్చితిని. ఆయన యూరియా చల్లెను. నాలుగు రోజులకు చేనికి పోయి దుబ్బు విడదీసి చూడగా, మొదట్లో దోమ కుప్పలుగా నున్నది. నత్రజని హెచ్చినకొద్ది దోమయు హెచ్చును. చేను సుడులుగా ఎండిపోయినది. ఫోటో ఆకును చూపినదే గాని దుబ్బు మొదలును చూపలేదు.

అట్లని ఫోనును పారవేయరాదు. 2018లో మొక్కజొన్నపై కత్తెర పురుగు మన దేశమునకు కొత్తగా వచ్చినది. దాని తలపైని తిరగవేసిన ‘వై’ గుర్తును, తోక వద్ద చదరముగా నుండు నాలుగు చుక్కలను నూరు మాటలకంటె ఒక్క బొమ్మ బాగుగా తెలుపును. 1800-180-1551కు ఫోను చేసినచో కిసాన్ కాల్ సెంటరు వారు తెలుగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు.

కావున రెంటిని జోడింపుడు. సాయంకాలము పదిమంది కలిసి దోమపోటుపై వీడియో చూడుడు. మరునాడు చేనిలో దిగి, దుబ్బులు తట్టి దోమలను లెక్కింపుడు. పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15, ఈనిక దశ నుండి 20 నుండి 25 దోమలున్నప్పుడే మందు అవసరము. ముందుగా నీరు తీసి చేను ఆరగట్టుడు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వాడకుడు. వానివలన దోమ తిరిగి విజృంభించును.

గ్రామోద్యోగులకొక మనవి. వీడియో చూపితిమని రిజిస్టరులో వ్రాసినంతనే మన పని తీరదు. ఆ వారములోనే చేనిలో పాఠము జరుగవలెను. ఫోను లేనివారిని, మందు కొట్టు కూలీలను, స్త్రీలను ముందు పిలువవలెను.

రైతులారా! ఫోనులో చూచినది మీ చేనిలో సరిచూడుడు. తేడా యున్నచో మాకు ఫోటో పంపుడు. మేము మాత్రము జవాబు పంపి ఊరకుండక చేనికే రావలెను. రానిచో మమ్ము అడుగుడు.