గుమ్మం దగ్గర కాపలా ఎవరిది?

బూతు సైట్ల మాట ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. "వాటన్నిటికీ విడిగా ఒక చిరునామా పెట్టి, అన్నిటినీ అందులోకి తోసేస్తే సరి. ఆ ఒక్కదాన్ని ఇంట్లో ఆపేసుకుంటే పిల్లల కంట పడవు కదా!" మొన్న మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల గ్రూపులోనూ ఇదే వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకంటే ఇది ఎప్పుడో చేసి చూసిన పనే. చిరునామా వచ్చింది, దాని మీద డబ్బులూ వచ్చాయి. పిల్లల దాకా వచ్చేసరికి మాత్రం ఏమీ మారలేదు.

ఆ కథ కాస్త చెప్పనివ్వండి. వెబ్‌సైటు పేరు చివర డాట్ కామ్ అనో డాట్ ఆర్గ్ అనో ఉంటుంది కదా. అలాంటి కొత్త తోక ఏది రావాలన్నా కాలిఫోర్నియాలో ఉండే ఐకాన్ అనే సంస్థ ఒప్పుకోవాలి. 2000లో ఐసీఎం రిజిస్ట్రీ అనే కంపెనీ దాని దగ్గర రెండు తోకలు అడిగింది. ఒకటి డాట్ కిడ్స్. రెండోది డాట్ ట్రిపుల్ ఎక్స్, అంటే పెద్దల సైట్ల కోసం. ఒకే కొట్లో ఈ అరలో పాలడబ్బాలు, ఆ అరలో సారా సీసాలు అన్నమాట! అప్పుడు రెండూ దక్కలేదు. 2004లో ట్రిపుల్ ఎక్స్ కోసం మళ్లీ వచ్చారు. 2005 జూన్‌లో ఐకాన్ "సరే, మాట్లాడుకుందాం" అంది. మూడు నెలలు తిరక్కుండానే అమెరికా వాణిజ్య శాఖ, మాకు దాదాపు 6,000 అభ్యంతరాలు వచ్చాయి, కాస్త ఆగండని ఉత్తరం రాసింది. 2006లో కాదన్నారు, 2007లో మళ్లీ కాదన్నారు. కంపెనీ మధ్యవర్తుల ముందు పంచాయితీ పెట్టి 2010లో గెలిచింది. చివరికి 2011 మార్చి 18న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐకాన్ బోర్డు ఒప్పేసుకుంది.

ఇందులో నాకు ఒళ్లు మండేది ఈ తారీఖులు కావు. ఇన్నేళ్లూ అందరూ పిల్లల పేరే వాడుకోవడం. కంపెనీవాళ్లు "తల్లిదండ్రులకి వడకట్టుకోవడం సులువవుతుంది" అన్నారు. ఫ్యామిలీ రీసెర్చ్ కౌన్సిల్ లాంటి సంప్రదాయవాదులు "ఆ సరుక్కి మీరే గౌరవం కట్టబెడుతున్నారు, పిల్లలు ఏమైపోవాలి" అన్నారు. ఇక ఆ వ్యాపారం చేసేవాళ్ల సంఘం ఫ్రీ స్పీచ్ కొయలిషన్ ఉంది చూశారూ, వాళ్లు కూడా వద్దనే అన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో సమావేశం బయట నిరసన కూడా చేశారు. మమ్మల్ని ఒక మూలకి నెట్టి, రేపు ఏ ప్రభుత్వమైనా ఒక్క మీటతో ఆపేస్తుందని వాళ్ల భయం. పైగా ఈ కొత్త తోకకి డబ్బు కట్టాలి. ఆ డబ్బు దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది.

మామూలు డాట్ కామ్ పేరు ఏడాదికి పది డాలర్ల లోపు దొరికే రోజుల్లో, డాట్ ట్రిపుల్ ఎక్స్ పేరుకి రిజిస్ట్రీ తీసుకున్నది 60 డాలర్లు. అందులో 10 డాలర్లు బాధ్యత, రక్షణ లాంటి మంచి పనుల కోసం పెట్టిన ఒక ఫౌండేషన్‌కి అన్నారు. సరే, బాగుంది. కానీ కొన్నది ఎవరో చూడండి. ఆ వ్యాపారంతో ఏ సంబంధమూ లేని కంపెనీలు, కాలేజీలు కూడా, తమ పేరు పక్కన ఆ మూడు ఎక్స్‌లు ఎవడైనా తగిలిస్తాడేమోనని హడలిపోయి ముందే కొనుక్కున్నాయి. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ అలా కొనుక్కుంది. కంపెనీ పేరు అందులో ఎవరికీ దక్కకుండా ఆపించుకోవడానికి దాదాపు 200 డాలర్లు. మన ఊళ్లో దీన్ని ఏమంటారో మీకు తెలుసు. దిష్టి పెట్టేవాడే దిష్టి తీసి దక్షిణ పుచ్చుకోవడం!

మరి అసలు బూతు సైట్లు? అవి హాయిగా డాట్ కామ్‌లోనే ఉండిపోయాయి. ఎందుకంటే ఆ కొత్త వీధిలోకి తప్పనిసరిగా మారాలని ఎవరూ చెప్పలేదు. ఇష్టమైతే రండి, లేకపోతే లేదు. 2006లో ఇద్దరు అమెరికా సెనేటర్లు తప్పనిసరి చెయ్యాలని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అయినా, తప్పనిసరి చేస్తే మాత్రం ఒరిగేదేమిటి? ఇంటర్నెట్ ఇంజనీర్లు 2004లోనే, ఇంకా ఈ తోక పుట్టకముందే, ఒక పత్రం రాసి పెట్టారు. ఏది అశ్లీలమో ప్రపంచమంతటికీ ఒకే కొలత ఎవరు పెడతారు? ఒకే సైటుకి పది పేర్లు పెట్టుకోవచ్చు కదా? పేరు చూసి సరుకు తెలుసుకోవడం కుదరదు అని దాని సారాంశం. తల్లులకి ఇంత మాత్రం ఎవరైనా చెప్పారా?

ఇది మన దగ్గరే రుజువైంది. 2015 జులై చివర్లో మన ప్రభుత్వం 857 సైట్లని ఆపమని, గోల రాగానే నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు మాట మీద 827 సైట్లని ఆపారు. అందులో బాగా పెద్దదొకటి డాట్ కామ్ బదులు డాట్ నెట్ అని బోర్డు మార్చుకుని వెంటనే వచ్చి కూర్చుంది. బోర్డు తీసేస్తే కొట్టు మూతపడదండీ.

అసలు మన పిల్లలు వీటిని పేరు టైపు చేసి వెతుక్కుంటున్నారనుకుంటున్నారా? కొత్త సినిమా ఉచితంగా చూద్దామని ఏ పైరసీ సైటో తెరిస్తే పక్కనుంచి ఊడిపడుతుంది. తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవడో పడేస్తాడు. ఆటలో పరిచయమైనవాడు పంపుతాడు. వీటికి ఏ తోక పెడతారు?

అందుకే విడి చిరునామా మాట వినగానే నాకు ఒకటే అనిపిస్తుంది. ఇది కాపలా పనిని అమ్మేవాడి నెత్తి మీద నుంచి తీసి, కొనని మన నెత్తి మీద పెట్టడం. "మేం చిరునామా పెట్టాం, ఆపుకోవడం మీ బాధ్యత." మీ అంటే ఎవరు? అమ్మ. మా పక్క బ్లాకులో ఒకావిడ కొడుకు ఫోన్‌లో ఏదో దొరికిందని బడికి పిలిస్తే, అక్కడ ఆవిణ్ణి అడిగిన మొదటి మాట "ఇంట్లోనే ఉంటారు కదా, చూసుకోరా?" అని. ఆ ఫోన్ కొనిచ్చింది తండ్రి. ఆయన్ని పిలవను కూడా లేదు. పొద్దున్న క్యారేజీల నుంచి రాత్రి గిన్నెల దాకా చేసి, మధ్యలో ఇంటర్నెట్ ఇంజనీరు ఉద్యోగం కూడా మనమే చెయ్యాలన్నమాట, జీతం లేకుండా.

సిగరెట్ల సంగతి చూడండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని 2003 చట్టం చెప్పింది. ఎవరికి చెప్పింది? కొట్టువాడికి. వీధి చివర కొట్టుంది కాబట్టి మీ పిల్లాణ్ణి ఇంట్లో కట్టేసుకోమని తల్లికి చెప్పలేదు. ఇక్కడ మాత్రం ఎందుకు తిరగబడాలి?

ఈ మాట ఇప్పుడు కొన్ని దేశాలకి ఎక్కింది. 2025 జులై 25 నుంచి బ్రిటన్‌లో ఇలాంటి సైట్లు వచ్చినవాళ్ల వయసు గట్టిగా చూసుకోవాలి. టెక్సస్ కూడా 2023లో అలాంటి చట్టం చేస్తే, దాని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఎవరనుకున్నారు? అదే ఫ్రీ స్పీచ్ కొయలిషన్. వాళ్ల వాదనల్లో ఒకటి, ఇళ్లలో ఫిల్టర్లు పెట్టుకుంటే చాలదా అని! విడి వీధి వద్దన్నారు, గుమ్మం దగ్గర కాపలా కూడా వద్దంటారు. 2025 జూన్‌లో కోర్టు ఆరుగురు ముగ్గురిగా చీలి చట్టాన్నే నిలబెట్టింది.

"మరి ఆధార్ కార్డు తీసుకెళ్లి అలాంటి సైటుకిస్తే రేపు బయటపడదా?" అని మావారు అడిగారు. న్యాయమైన భయమే. పేర్లు బయటపడి పరువు పోయే కథల్లో ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్లే అని నాకూ తెలుసు. టెక్సస్ చట్టం ఆ వివరాలు దాచుకోకూడదని రాసింది. రాస్తే సరిపోదు, దాచుకున్నవాడికి శిక్ష పడాలి. వయసు మాత్రమే చెప్పి పేరు చెప్పని పద్ధతి కావాలని పట్టుబడదాం. అంతేగాని కష్టమని వదిలేస్తే, ఆ కష్టం మళ్లీ మన వంటింట్లోకే వస్తుంది. దొంగదారులు వెతికే కుర్రాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్ల సంగతి కాదు నేననేది, పాట కోసం వెతుకుతూ అటు జారిపోయే తొమ్మిదేళ్ల పిల్ల సంగతి.

మన దేశంలో ఓటీటీలో పెద్దలకి మాత్రమే అని ముద్ర ఉన్న సినిమాలకి వయసు చూడాలని 2021 నిబంధనల్లో ఉంది. సెన్సారు దాటొచ్చిన సినిమాకి ఉన్న నియమం, ఏ సెన్సారూ లేని ఈ సరుక్కి ఎందుకు ఉండకూడదో మన ఎంపీలని అడగండి. నేను ఉత్తరం రాస్తున్నాను, మా గ్రూపులో సంతకాలు కూడా అడుగుతాను. ఇక బడిలో పేరెంట్స్ మీటింగు వచ్చే శనివారం. ఫోన్ల సంగతి మాట్లాడాలంటే నాన్నల పేరు మీద కూడా చీటీ పంపమని టీచరుకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.