పుండు ముఖం మీద, మూలం పంటిలో

నల్లగొండ జిల్లాలో పంటి మాట ఎత్తితే అందరి చూపూ నీటి మీదికే పోతుంది. అది సహజమే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి వివరించినారు. తరువాత మన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల గార పళ్లు, వంగిన నడుములు లోకానికి తెలిసినవి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడినది. అయితే దీనివలన ఒక కీడు కూడా కలిగినది. పంటికి ఏమి వచ్చినా "మన నీళ్ల గుణం" అని సరిపెట్టుకొనుట మనకు అలవాటైనది.

నా తరగతిలో పాలమూరు వైపు పల్లె నుండి వచ్చిన విద్యార్థి ఒకడుండేవాడు. గడ్డం క్రింద చిన్న కురుపు. చీము కారుట, పక్కు కట్టుట, మళ్లీ పగులుట, ఏడాది పొడవునా ఇదే వరుస. మాత్రలు మింగినన్నాళ్లు ఎండేది, ఆపగానే తిరగబెట్టేది. అతడు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని వెనుక బల్ల మీద కూర్చునేవాడు. పద్యం చదవమంటే లేచేవాడు కాదు. అది ఏదో పెద్ద రోగమని ఊరిలో గుసగుసలు కూడా పుట్టినవట. చివరికి ఒక దంతవైద్యుడు ఎక్స్‌రే తీయగా, క్రింది దవడలోని పుచ్చుపన్ను వేరు కొనన చీముగూడు బయటపడినది. పంటి వేరుకు చికిత్స జరిగిన కొద్ది వారాలకే పుండు మూసుకొనిపోయినది. చిన్న సొట్ట మాత్రం మిగిలినది.

పంటిలోని నరం చచ్చిన పిమ్మట నొప్పి ఉండకపోవచ్చు. కనుక పంటిని ఎవరూ అనుమానించరు. వేరు కొనన చేరిన చీము మెల్లగా ఎముకను తొలుచుకొని చర్మం మీద తేలుతుంది. పైన ఎన్ని లేపనాలు పూసిననేమి, చచ్చిన నరం లోపలనే ఉన్నది గదా! వేరుకు చికిత్స చేయాలి, లేదా పన్ను తీసివేయాలి.

ముఖం మీది ప్రతి పుండుకూ పన్నే కారణమని నా వాదం కాదు. నేను తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాని నెల గడచినా మానని కురుపు గడ్డం మీదనో దవడ మీదనో ఉంటే, నొప్పి లేకున్నా సరే, దంతవైద్యునికి ఒకసారి నోరు చూపించండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్యశాల ఉన్నది.

యాజమాన్య సంఘం పెద్దలకు ఒక విన్నపం. విద్యార్థినులు ఇట్టి మచ్చను దాచుకొని, పెండ్లిమాటల భయంతో ఇంటిలో సైతం చెప్పుకోరు. ఏటా ఒక దినం దంతవైద్యుని, వీలైతే వైద్యురాలిని, కళాశాలకు పిలిపించండి. వార్షికోత్సవపు షామియానా ఖర్చులో కొంత భాగం చాలును.