వానలో గేటు ముట్టుకుంటే షాక్ ఎందుకు? లోపం పైపులో కాదు.. జాయింట్‌లో!

వానాకాలం వచ్చిందంటే కరెంట్ షాక్ మరణాల వార్తలు మొదలవుతాయి. 2023 జూన్‌లో న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ దగ్గర నిలిచిన నీళ్లను దాటుతూ కరెంట్ స్తంభం పట్టుకున్న మహిళ చనిపోయారు. 2024 జులైలో ఢిల్లీ పటేల్ నగర్‌లో వాన నీటిలో నడుస్తూ ఇనుప గేటును తాకిన సివిల్స్ అభ్యర్థి ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటివి జరిగిన ప్రతిసారీ తప్పంతా కరెంటోళ్లదే అంటాం. వీధి స్తంభాల సంగతి అధికారులు చూడాల్సిందే. కానీ మీటర్ దాటాక ఉన్న వైరింగ్ బాధ్యత ఇంటి ఓనర్‌దే. గేటు లైటు, సంపు మోటార్, మేడ మీది స్విచ్.. అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

నీళ్లు ఎలా వెళ్తాయి?

పీవీసీ పైపు తడిసినా ఇబ్బంది లేదు. పైపు బాక్సులో కలిసే చోటు, బెండ్‌లు, మూత అంచులే అసలు సమస్య. పైన రంధ్రం చేసి పైపు దించితే వాన నీళ్లు నేరుగా లోపలికే. పైగా తేమ చల్లబడి పైపు లోపలే నీటి బొట్లుగా మారుతుంది. తడిసిన జాయింట్ నుంచి కరెంట్ ఇనుప గేటుకు పాకి, దానికి ఎర్తింగ్ కూడా లేకపోతే ముట్టుకున్నవాళ్లకు ప్రాణాపాయమే.

ఎంసీబీ ఉందిగా అంటారా?

ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌కే పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు. అంత చిన్న లీకేజీని పట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

మరి ఏం చేయాలి?

* ఆరుబయట ఐపీ 65 రేటింగ్ బాక్సు పెట్టించండి. ఇందులో 6 దుమ్ముకు, 5 నీళ్ల ధాటికి రక్షణను చెబుతాయి. గ్లాండ్ లేకుండా రంధ్రం చేస్తే ఆ రేటింగ్ పోయినట్టే.
* పైపు కింది వైపు నుంచే బాక్సులోకి రావాలి.
* గోడకు, బాక్సుకు మధ్య పైన, పక్కల సిలికాన్ సీలెంట్ పూయించండి. కింద వదిలేయండి. వెనక చేరిన నీళ్లు బయటికి పోవాలి.
* ఇన్సులేషన్ టేపు చుట్టేసి వానను ఆపేశామనుకోవద్దు. ఎండకు దాని జిగురు ఊడిపోతుంది.
* ఆర్‌సీసీబీపై ఉండే టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడిపోకపోతే మార్చాల్సిందే.

లక్షలు పోసి కట్టిన ఇంట్లోనూ గేటు లైటు బాక్సు దగ్గరే పొదుపు చూస్తున్నాం. ఆ పొదుపు ఖరీదు ఒక్కోసారి దారిన పోయే మనిషి ప్రాణం. వాన పడుతుండగా మాత్రం ఏ బాక్సూ తెరవొద్దు. తెరిపిచ్చాక మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.