ఏసీ పానీ ఏ మోరీల కలపాలె?

మన కేసముద్రంల కొత్త ఏసీలు ఎక్కువగ ఏప్రిల్, మే నెలల్లనే బిగిస్తరు. మిర్చి పైసలు చేతికొస్తయి, ఎండకు దాదీకి నిద్రుండదు. ఫిట్టర్ వచ్చి మిషన్ గోడకెక్కిస్తడు, పైసలు తీసుకొని ఖుదాహాఫిజ్ అంటడు. దాని నీళ్లు ఎటు పోతున్నయన్న సవాల్ మాత్రం ఎవరూ అడగరు. బెడ్‌రూం పక్కనే గుసల్‌ఖానా ఉంటది కాబట్టి, గోడకు సూరాఖ్ చేసి ఆ సన్న పైపును సింక్ కింది పైపుల దూరుస్తరు. మీద తెల్ల సిమెంట్ పూస్తే ఐబ్ కనబడదు.

మే నెలల మన దిక్కు గాలి పొడిగ ఉంటది, ఏసీ నుంచి నీళ్లు తక్కువొస్తయి. అసలు ఇమ్తెహాన్ వానకాలం ఉక్కపోతల. రాత్రంతా నడిస్తే బకెట్ దాకా నీళ్లొస్తయి. అప్పుడు గోడ చెమ్మ పడుతది, ఏసీ పెట్టంగనే బద్‌బూ కొడుతది. గ్యాస్ అయిపోయింది భాయ్, నింపాలె అని ఇంకొకడు తయారైతడు. ఆ గ్యాస్‌కు ఈ వాసనకు తాల్లుఖ్ లేదు. ఇది సెప్టిక్ ట్యాంక్ వాసన.

సింక్ కింద వంపు తిరిగిన పైపో, డబ్బా లెక్క ఉండే బాటిల్ ట్రాపో ఎందుకుంటది? దాంట్ల ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటయి. మోరీ గాలికి ఆ నీళ్లే దర్వాజా. పాత డ్రెయిన్ కారుతుందని మార్చేటప్పుడు చానామంది ట్రాప్ తీసి పారేసి, ముడతల ప్లాస్టిక్ పైపును నేరుగ గోడలకు తోస్తరు. ట్రాప్ ఉంచినా, ఏసీ పైపును దాని తర్వాత కలుపుతరు. అంటే దర్వాజా మూసి కిడికీ తెరిచినట్టే. ట్యాంక్ గాలి ఆ పైపు పట్టుకొని ఏసీ ట్రేలకు ఎక్కుతది, ఫ్యాన్ దాన్ని పండుకున్న పిల్లల మీదికి కొడుతది.

సింక్ డ్రెయిన్ మార్చేటప్పుడే దీన్ని దురుస్త్ చేసుకోవాలె. కలపాల్నంటే సింక్ జాలీకి, ట్రాప్‌కు నడుమ కలపాలె. ఏసీకి అలగ్‌గ ట్రాప్ పెట్టొచ్చు గదా అంటరు. చలికాలం ఏసీ బంద్ ఉంటే దాంట్ల నీళ్లు ఎండిపోతయి, దర్వాజా మళ్లీ తెరుచుకుంటది. సింక్ ట్రాప్ సంగతి వేరే, వజూ చేసిన ప్రతిసారీ అది నిండుతనే ఉంటది.

నా రాయ్ అడిగితే అసలు కలపనే వద్దంట. నేల మీది నహానీ ట్రాప్ జాలీకి రెండు వేళ్ల పైన ఏసీ పైపును ఖుల్లా ఇడిసిపెట్టాలె. చూసేటందుకు ఖూబ్‌సూరత్ కాదు, ఒప్పుకుంట. కానీ నీళ్లు పడుతున్నయో ఆగినయో కండ్లకు కనబడుతది. కింద బకెట్ పెడితే ఇల్లు తుడువనీకి, చెట్లకు పనికొస్తయి, ఇస్రాఫ్ తప్పుతది. ఇన్వర్టర్ బ్యాటరీల మాత్రం పొయ్యొద్దు, కాయిల్ మీది దుమ్మంత అండ్ల కలిసే ఉంటది.

ఏసీ వాళ్లు ప్లంబర్ పని అంటరు, ప్లంబర్ ఏసీ వాళ్ల పని అంటడు. నడుమ గోడ తుడిచే ముసీబత్ అమ్మీకి, బహూకు. అందుకని పైసలిచ్చేముందు వాళ్లనే దగ్గరుండి చూసుకోనీయుండ్రి. ఏసీ ట్రేల లోటా నీళ్లు పోయించాలె, అవి ఆగకుండ కిందికొస్తున్నయా చూడాలె. పైపు ఎక్కడా కడుపు లెక్క జారొద్దు, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలుండాలె. నీళ్లు ట్రేలనే నిలిస్తే, వాలు సరిచేసేదాంక ఫిట్టర్‌ను నిచ్చెన దిగనీయొద్దు.