ఓడించే చేతికే పదివేలు!

సంక్రాంతి సెలవుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు మా అబ్బాయి పట్టుబట్టి ఓ డార్ట్ బోర్డు కొనిపించుకున్నాడు. సూదిమొన బాణాలు కాదు లెండి... కొసన అయస్కాంతం బిళ్లలుండేవి. పడకగది తలుపు వెనక మేకు కొట్టి తగిలించాం. మొదటి వారమంతా నేనే గెలిచాను. ఎలా నిలబడాలో, మోచెయ్యి ఎక్కడ ఉంచాలో వాడికి పాఠాలు కూడా చెప్పాను, నాకేదో తెలిసినట్టు! రెండో వారం సీన్ మారింది. వరసగా మూడు ఆటలు వాడే గెలిచాడు. నాలుగోది మొదలుపెట్టబోతుంటే ‘‘చాల్లే, లెక్కల హోంవర్క్ సంగతేంటి?’’ అన్నాను.

వాడేం మాట్లాడలేదు. బాణాలు బోర్డు మీదే వదిలేసి వెళ్లిపోయాడు. ‘‘హోంవర్క్ పొద్దున్నే చేసేశాడమ్మాయ్’’ అన్నారు వంటింట్లోంచి మా అత్తగారు.

నిజం చెప్పొద్దూ... ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మూడో తరగతి పిల్లాడి చేతిలో ఓడిపోతే అంత ఉక్రోషమెందుకొచ్చిందా అని ఆలోచిస్తుంటే, ఈ ఆటలోనే పండిపోయిన ఓ మనిషి గుర్తొచ్చాడు. పేరు ఎరిక్ బ్రిస్టో. ఆయన కథ తెలియాలంటే ముందు ఆట సంగతి కాస్త చెప్పుకోవాలి.

గెలుపంటే సున్నా!

చూడ్డానికి డార్ట్స్ అంత తేలికైన ఆట ఇంకోటి లేదనిపిస్తుంది. గోడకి ఓ గుండ్రటి బోర్డు. నేల నుంచి దాని మధ్య బిందువు దాకా ఎత్తు 1.73 మీటర్లు. ఆటగాడు నిలబడే గీతకీ బోర్డుకీ మధ్య దూరం 2.37 మీటర్లు. చేతిలో మూడు చిన్న బాణాలు. విసరడమే! పరుగులు పెట్టక్కర్లేదు, ఆయాసపడక్కర్లేదు.

అసలు తిరకాసు లెక్కలో ఉంది. మిగతా ఆటల్లో సున్నా నుంచి పైకి వెళితే, ఇందులో 501 నుంచి కిందికి దిగాలి. సరిగ్గా సున్నా దగ్గర ఆగాలి. ఆఖరి బాణం తప్పనిసరిగా ‘డబుల్’లోనే గుచ్చుకోవాలి. డబుల్ అంటే అంకెల గళ్ల చివర చుట్టూ తిరిగే సన్నటి వలయం. వెడల్పు 8 మిల్లీమీటర్లు... మనం రాసుకునే బాల్‌పెన్ను మందమన్నమాట. సున్నా దాటి ఒక్క పాయింటు ఎక్కువ కొట్టినా, ఒక్కటి మిగిల్చినా ఆ విడత కొట్టినదంతా చెల్లదు. మళ్లీ మొదటికే.

బోర్డు మీద అంకెలు కూడా వరసలో ఉండవు. ఇరవై ఉన్నది నట్టనడి మీద. దానికి ఓ పక్క ఒకటి, మరో పక్క అయిదు. పందొమ్మిదికి అటూ ఇటూ మూడు, ఏడు. పెద్ద సంఖ్యకి ఆశపడి చెయ్యి వెంట్రుకవాసి పక్కకు జరిగిందా... చిల్లరే దక్కుతుంది. అందుకే ఈ ఆటలో చేతికెంత పనో బుర్రకీ అంతే పని. ఉదాహరణకి చివర్లో 32 మిగిలేలా చూసుకోవడం చాలామందికి ఇష్టం. డబుల్ 16 తగిలితే ఆట పూర్తి. పొరపాటున మామూలు 16 తగిలినా 16 మిగులుతుంది, డబుల్ 8 చాలు. అదీ తప్పి మామూలు 8 తగిలితే డబుల్ 4. గురి తప్పినా దారి మూసుకుపోదు. ఇంట్లో లెక్కలంటే పారిపోయే పిల్లలుంటే ఓ బోర్డు కొనిచ్చి చూడండి.

అసలైన బోర్డు దేంతో చేస్తారో తెలుసా? కిత్తనారతో. ఆ నార పోగుల్ని నిలువుగా బిగించి, గట్టిగా అదిమి, బిళ్లలా చేస్తారు. బాణం పోగుల మధ్యకి దూరుతుంది. తీసేయగానే పోగులు మళ్లీ దగ్గరికొచ్చి చిల్లు దాదాపు మూసుకుంటుంది. మనుషుల మనసు అలాంటిది కాదు కదా!

వేళ్లు వదలని బాణం

బ్రిస్టో లండన్ కుర్రాడు. 1957లో పుట్టాడు. చిటికెనవేలు గాల్లోకి లేపి బాణం విసరడం ఆయన గుర్తు. నోరు కూడా బాణం లాంటిదే. ప్రత్యర్థిని మాటలతోనే సగం ఓడించేవాడు. 1980, 81, 84, 85, 86... మొత్తం అయిదుసార్లు ప్రపంచ చాంపియన్. ఆ టోర్నీ ఆద్యంతం నాకౌటే. ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవాల్సిందే. అలాంటి దాంట్లో అయిదుసార్లు చివరిదాకా నిలబడ్డం మాటలా?

అంతటివాడికి 1986 చివర్లో ఓ విచిత్రమైన కష్టం వచ్చిపడింది. గీత దగ్గర నిలబడతాడు. గురి చూస్తాడు. చెయ్యి ముందుకెళుతుంది. బాణం మాత్రం వేళ్లని వదలదు! మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి... ఊహూ. కండకి దెబ్బ తగల్లేదు. చూపు మందగించలేదు. చిన్నప్పట్నుంచీ లక్షలసార్లు చేసిన పనిని చెయ్యి ఉన్నట్టుండి మర్చిపోయింది. ఆటగాళ్లు దీన్ని ‘డార్టైటిస్’ అంటారు. గోల్ఫ్ ఆడేవాళ్లకీ, సంగీత వాద్యకారులకీ, ఎడతెగకుండా రాసేవాళ్లకీ కూడా ఇలాంటి ఇబ్బందులు వస్తుంటాయి.

ఆలోచిస్తే, డార్ట్స్‌లో నైపుణ్యమంతా విసరడంలో కన్నా వదలడంలోనే ఉంది. సరైన క్షణంలో వేళ్లు విప్పుకోవాలి. ఒక్క లిప్త ముందు వదిలితే పైకి, ఆలస్యమైతే కిందికి. అసలు వదలకపోతే... ఆటే లేదు.

బ్రిస్టో ఆట మానలేదు. మొరాయించే చేత్తోనే కిందామీదా పడి ఆడాడు. 1987లో, 1989లో ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన ఇంకో పని చేశాడు. నాకు నిద్ర లేకుండా చేసింది అదే.

గురువిచ్చిన అప్పు

ఇంగ్లండ్‌లో స్టోక్ ఆన్ ట్రెంట్ అని పింగాణీకి పేరుమోసిన ఊరుంది. అక్కడ ఫిల్ టేలర్ అనే యువకుడు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఏం పనంటే... టాయిలెట్లలో వాడే పింగాణీ పిడులు తయారుచేయడం. ఇరవై ఆరో పుట్టినరోజుకి భార్య డార్ట్స్ కొనిచ్చింది. ఆ ఊళ్లోనే బ్రిస్టోకి పబ్ ఉండేది. టేలర్ అక్కడికొచ్చి ఆడేవాడు. బ్రిస్టో చూశాడు. చేతిలో ఏదో ఉందని పట్టేశాడు. ‘ఉద్యోగం మానేసి ఆడు, ఖర్చు నేను చూసుకుంటా’ అని పదివేల పౌండ్లు ఇచ్చాడు. ఊరికే కాదు, అప్పుగానే. గెలిచి తీర్చాలి!

అలాగని ముద్దుచేసే గురువేం కాదు. ‘ఫైనల్లో ఓడాను’ అని ఫోన్ చేస్తే గెలిచినప్పుడు చెయ్యమని పెట్టేసేవాడట. టేలర్ ఆ కసితో గంటల తరబడి సాధన చేశాడు.

1990 జనవరి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో టేలర్‌కి అదే మొదటిసారి. సీడింగ్ లేదు. పందేలరాయుళ్ల లెక్కలో అతని మీద ఒకటి కాస్తే నూటపాతిక. అయినా ఒక్కొక్కర్నీ దాటుకుంటూ ఫైనల్‌కి వచ్చాడు. బోర్డు దగ్గర ఎదురుగా ఉన్నదెవరు? అప్పిచ్చిన గురువు!

నాకౌట్ ఆటకి మొహమాటం తెలియదు. ఇద్దర్లో ఒక్కరే మిగలాలి. టేలర్ 6-1తో గెలిచాడు. మొరాయించే చేత్తోనే మళ్లీ పైకి పాకివచ్చిన బ్రిస్టో, తాను డబ్బిచ్చి తయారుచేసిన చేతిలోనే చిత్తయ్యాడు. మరుసటి ఏడాది కూడా ఫైనల్‌కి చేరి ఓడాడు. ఆరో కిరీటం దక్కనే లేదు. 1997 సెమీఫైనల్లో గురుశిష్యులు మళ్లీ తలపడ్డారు. 5-4. అప్పుడూ శిష్యుడిదే గెలుపు. టేలర్ మొత్తం ఎన్నిసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడో తెలుసా... 16 సార్లు!

మనకి ఇలాంటి కథ ఇంకోటి తెలుసు. అడవిలో ఏకలవ్యుడు తనంతట తానే విలువిద్య నేర్చుకుంటే, ముద్దుల శిష్యుణ్ని మించిపోతాడని ద్రోణుడు బొటనవేలు అడిగాడు. బాణం వదలాలన్నా, పట్టుకోవాలన్నా ఆ వేలే కదా ముఖ్యం. ఇక్కడేమో వేళ్లు మాట వినని గురువు, మాట వినే వేళ్లున్న కుర్రాణ్ని వెతికి పట్టుకుని, తనని మించిపొమ్మని డబ్బిచ్చాడు.

బ్రిస్టోని దేవుణ్ని చేయక్కర్లేదు. నోటి దురుసు జీవితాంతం పోలేదు. 2016లో సోషల్ మీడియాలో చేసిన అనుచిత వ్యాఖ్యల వల్ల టీవీ వ్యాఖ్యాత కొలువూ పోయింది. 2018 ఏప్రిల్లో ఓ డార్ట్స్ పోటీకని లివర్‌పూల్ వెళ్లినప్పుడు గుండెపోటుతో కన్నుమూశాడు. లోపాలున్న మనిషే. కానీ ఆ ఒక్క విషయంలో మనలో చాలామంది కన్నా పెద్ద మనసున్నవాడు. తన చెయ్యి తనకే ఎదురు తిరిగిన రోజుల్లో, ఇంకొకరి చేతిని చూసి కుళ్లుకోకుండా ఉండటం తేలికా చెప్పండి?

బుడిబుడి అడుగుల నుంచి...

లండన్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ అని పాత భవంతి ఉంది. 1936లో బీబీసీ టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది అక్కడి నుంచే. 2007 డిసెంబరు నుంచి ప్రొఫెషనల్ డార్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కి అదే వేదిక. ఏటా క్రిస్మస్ రోజుల్లో జాతరే. చిత్రవిచిత్ర వేషాలు వేసుకొచ్చిన జనం ‘180’ అట్టలు పట్టుకుని ఊగిపోతుంటారు. మూడు బాణాలతో రాబట్టగలిగిన గరిష్ఠ స్కోరు అదే మరి.

ఆ జనం మధ్యలోకి 2023 డిసెంబరులో ఓ పదహారేళ్ల కుర్రాడు నడుచుకుంటూ వచ్చాడు. ల్యూక్ లిట్లర్. రెండేళ్లయినా నిండకుండానే బాణాలు పట్టుకున్నాడు. వాళ్ల నాన్న తక్కువ ధరకు తెచ్చిన మొదటి బోర్డు ఎలాంటిదనుకున్నారు? అయస్కాంతం బోర్డు! అచ్చం మా తలుపు వెనక ఉన్నలాంటిదే.

2024 జనవరి 3న ఫైనల్లో ఆ కుర్రాడు 4-2 ఆధిక్యంలో ఉన్నాడు. 5-2 చేయడానికి ఒక్క డబుల్ 2 కావాలి. బాణం తప్పింది. ఆ సందు చూసుకుని ల్యూక్ హంఫ్రీస్ విజృంభించాడు, 7-4తో కప్పు ఎత్తుకుపోయాడు. ఇంకొకడైతే ఆ 8 మిల్లీమీటర్లు తలుచుకుని కుమిలిపోయేవాడే. లిట్లర్ సరిగ్గా ఏడాది తర్వాత, 2025 జనవరి 3న, అదే వేదిక మీద మూడుసార్లు విజేత మైకేల్ వాన్ గెర్వెన్‌ని 7-3తో ఓడించాడు. పద్దెనిమిదేళ్లు నిండటానికి ఇంకా 18 రోజులుంది. అంత చిన్న వయసులో ఆ కిరీటం ఎవరికీ దక్కలేదు. 2026 జనవరిలో మళ్లీ గెలిచి పది లక్షల పౌండ్లు అందుకున్నాడు.

ఆ టోర్నీలోనే మనకీ ఓ తీపి కబురు ఉంది. మన దేశానికి చెందిన నితిన్ కుమార్ మొదటి రౌండ్ దాటాడు. ఆ వేదిక మీద మ్యాచ్ గెలిచిన తొలి భారతీయుడతనే.

ఇవన్నీ చదువుతుంటే నాకొకటే అనిపించింది. ఆ అయస్కాంతం బోర్డు తెచ్చిన నాన్న, కొడుకు తనని మొదటిసారి ఓడించిన రోజున ‘చాల్లే, ఇక చదువుకో’ అని ఉంటే?

కొడుకు చేతిలో, శిష్యుడి చేతిలో ఓడిపోవాలని కోరుకోమన్నారు పెద్దలు. చెప్పడం సులువే. ఆ ఓటమి నిజంగా ఎదురైన సాయంత్రం మాత్రం మనకి హోంవర్కులు గుర్తొస్తాయి. చదరంగంలో పావులు కలిపేస్తాం. క్యారమ్స్‌లో ‘నాకు పనుంది’ అని లేచిపోతాం. పిల్లలకి నేర్పేది మనమే. నేర్చుకున్నాక ఒప్పుకోనిదీ మనమే. మన వేళ్లు కూడా ఓ పట్టాన వదలవేమో!

నిన్న ఆఫీసు నుంచి రాగానే తలుపు దగ్గరకెళ్లి ‘‘ఏరా, ఓ ఆట వేద్దామా?’’ అన్నాను. ‘‘హోంవర్క్?’’ అన్నాడు వాడు అనుమానంగా. ‘‘తర్వాత చూద్దాంలే’’ అన్నాను. సోఫాలో టీవీ చూస్తున్న మా అత్తగారు సౌండ్ తగ్గించి మరీ ఇటు తిరిగారు.

మనస్ఫూర్తిగా ఆడాను, మనస్ఫూర్తిగా ఓడాను. వాడు బోర్డు మీంచి నా బాణాలు తీసి తెచ్చి చేతిలో పెడుతూ అన్నాడు... ‘‘మోచెయ్యి కిందికి జారిపోతోందమ్మా. అక్కడే ఉంచు.’’

మొదటి వారం నేను చెప్పిన పాఠమే అది.